వెడ్జ్ షాట్‌లో బ్యాక్‌స్పిన్: బంతి ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించడం ఎలా

టీవీలో గోల్ఫ్ చూసేవాళ్లందరికీ తెలిసిన దృశ్యం ఇది. ఆటగాడు వంద గజాల నుంచి వెడ్జ్‌తో, అంటే కొట్టే ముఖం బాగా పైకి వాలి ఉండే పొట్టి దూరాల క్లబ్‌తో, కొడతాడు. బంతి పిన్ (రంధ్రంలో నిలబెట్టిన జెండా కర్ర) దాటి పడి, ఒకసారి ఎగిరి, ఎవరో దారం కట్టి లాగినట్టు వెనక్కి వచ్చేస్తుంది. ఆ పని చేసేది బ్యాక్‌స్పిన్, అంటే బంతి ముందుకు పోతూనే వెనక్కి తిరగడం. ఆట నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే: "బంతి అలా వెనక్కి రావాలంటే ఏం చేయాలి?" ఆ ముచ్చట నాకూ ఉండేది. కానీ స్కోరు తగ్గించేది బంతి వెనక్కి రావడం కంటే, పడ్డాక ఎంత దూరం పోతుందో మనకు ముందే తెలిసి ఉండటం. పది బంతులు కొడితే మూడు వెనక్కి వచ్చి, నాలుగు పడినచోటే ఆగి, మూడు గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) దాటిపోతే ఆ స్పిన్‌ను నమ్ముకుని ఏ షాటూ ఆడలేం. పదీ పడిన చోటు నుంచి రెండు మూడు గజాల్లో ఆగితే అప్పుడు నేరుగా పిన్ వైపే ఆడొచ్చు.

ఆ నిలకడ ఎలా వస్తుందో మొదటి నుంచీ చెబుతాను. వరుసగా చదవండి. పరికరాల భాగం వదిలేసి స్వింగ్‌కు వెళ్లాలనిపిస్తుంది కానీ, అక్కడ తప్పు ఉంటే స్వింగ్ ఎంత బాగున్నా ఫలితం కనిపించదు.

ముందు ఒక చిన్న లెక్క

బంతి క్లబ్ ఫేస్‌కు, అంటే బంతిని తాకే ముఖానికి, ఆనుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలో వంతు మాత్రమే. దాని ముందు రెప్పపాటు కూడా చాలా పెద్ద సమయం. కాబట్టి తగిలే క్షణంలో మణికట్టు తిప్పి స్పిన్ పుట్టిద్దామన్న ఆలోచన మొదటే వదిలేయాలి. బంతి తగిలేటప్పటికి క్లబ్ ఎలా వస్తోందో, దానిని బట్టే అంతా జరిగిపోతుంది.

స్పిన్‌ను నిర్ణయించేవి ప్రధానంగా మూడు. ఒకటి క్లబ్ వేగం. రెండోది స్పిన్ లాఫ్ట్. మూడోది ఫేస్‌కు, బంతికి మధ్య రాపిడి.

వేగం సంగతి తేలికే: మిగతావన్నీ ఒకేలా ఉంటే ఎంత వేగంగా కొడితే అంత స్పిన్. స్పిన్ లాఫ్ట్ దగ్గరే చాలామంది తికమకపడతారు. బంతి తగిలే క్షణంలో ఫేస్ ఎన్ని డిగ్రీలు పైకి చూస్తోంది, క్లబ్ తల ఎన్ని డిగ్రీలు కిందికి దిగుతోంది, ఈ రెండు దిశల మధ్య కోణమే స్పిన్ లాఫ్ట్. ఫేస్ 45 డిగ్రీలు పైకి చూస్తూ, క్లబ్ 5 డిగ్రీలు కిందికి దిగుతుంటే స్పిన్ లాఫ్ట్ దాదాపు 50.

ఇప్పుడు "కిందికి గట్టిగా కొట్టు, స్పిన్ పెరుగుతుంది" అనే పాత సలహాను ఈ లెక్కలో పెట్టి చూడండి. చేతులు బాగా ముందుకు నెట్టి 10 డిగ్రీలు కిందికి కొట్టారు. చేతులు ముందుకు పోవడంతో ఫేస్ కూడా వాలి, 45కు బదులు 40 డిగ్రీలే పైకి చూస్తుంది. 40కి 10 కలిపితే మళ్లీ 50. స్పిన్ లాఫ్ట్ మారలేదు. మారిందల్లా బంతి లేచే ఎత్తు. దానితోపాటు క్లబ్ నేలలో గుచ్చుకునే ప్రమాదం పెరిగింది. గోతులు తవ్వినంత మాత్రాన స్పిన్ రాదు.

ఇక రాపిడి. ఫేస్ బంతిని పట్టుకుంటే బంతి తక్కువ ఎత్తులో, ఎక్కువ స్పిన్‌తో బయలుదేరుతుంది. పట్టు జారితే బంతి ఫేస్ మీద పైకి పాకి, ఎక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో పోతుంది. స్పిన్ లాఫ్ట్ ఒక హద్దు దాటినా ఇదే జరుగుతుంది. అందుకే 60 డిగ్రీల వెడ్జ్‌ను (ఫేస్ వాలు, అంటే లాఫ్ట్, 60 డిగ్రీలున్నదాన్ని) ఫేస్ ఇంకా పైకి చూసేలా తెరిచి కొడితే స్పిన్ పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: ఒకే క్లబ్, ఒకే స్వింగ్ అయినప్పుడు, కిందిగా లేచిన బంతికే స్పిన్ ఎక్కువ. ఇది చాలామంది అనుకునేదానికి నేరుగా ఎదురు. ఎత్తుగా లేచిన బంతిని చూసి "ఆగిపోతుందిలే" అని నిశ్చింతగా ఉంటారు. అది పడ్డాక జారిపోతుంది. స్పిన్‌ను కొలిచే లాంచ్ మానిటర్ యంత్రం లేకపోయినా, బంతి లేచిన ఎత్తే మీకు స్పిన్ సంగతి చెబుతుంది. ఇక్కడినుంచి ప్రతి అడుగులోనూ ఆ ఎత్తు మీదే కన్నుంచండి.

పోల్చుకోవడానికి ఒక కొలత ఇస్తాను. అలాంటి యంత్రాలు చేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన సగటుల ప్రకారం పీజీఏ టూర్ (అమెరికా పురుషుల వృత్తి పోటీలు) ఆటగాళ్లు పిచింగ్ వెడ్జ్‌తో పూర్తి స్వింగ్ కొడితే బంతి నిమిషానికి సుమారు 9,300 చుట్లు తిరుగుతుంది. సుమారు 24 డిగ్రీల కోణంలో లేచి, 52 డిగ్రీల కోణంలో దిగుతుంది. ఎల్‌పీజీఏ మహిళా ఆటగాళ్లకు స్పిన్ సుమారు 8,400. వాళ్ల క్లబ్ వేగం తక్కువ కాబట్టి ఆ తేడా. పిచింగ్ వెడ్జ్ మీద లాఫ్ట్ సాధారణంగా 44 నుంచి 48 డిగ్రీలుంటుంది. బంతి లేచేది మాత్రం అందులో దాదాపు సగం కోణంలో. అంత కిందిగా లేవడమే వాళ్ల షాట్‌లోని గుట్టు.

మొదటి అడుగు: బంతిని మార్చండి, తర్వాత మార్చకండి

బంతి పై పొర దేనితో చేశారన్నది వెడ్జ్ స్పిన్‌కు చాలా ముఖ్యం. యురేథేన్ పొర మెత్తగా ఉండి ఫేస్ మీది గాడులను, అంటే గ్రూవ్‌లను, పట్టుకుంటుంది. అయోనోమర్ పొర, అంటే చాలామంది సర్లిన్ అని పిలిచేది, గట్టిగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది, కానీ ఫేస్ మీద జారుతుంది. పూర్తి స్వింగ్‌లో కంటే 30, 40, 50 గజాల షాట్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. గట్టి బంతితో ఎంత సాధన చేసినా ఆ దూరాల్లో ఒక ఎగురుకు ఆగే షాట్ రాదు.

ఒక యురేథేన్ బంతిని ఎంచుకుని అదే మోడల్‌తో ఆడండి. ఏది గొప్పదన్న చర్చ కంటే, ఈ రంధ్రంలో (కోర్స్‌లోని ఒక హోల్‌లో) ఒకటి, ఆ రంధ్రంలో మరొకటి వాడకుండా ఉండటం ముఖ్యం. బాగా గీరుకుపోయిన బంతిని సాధనకు పక్కన పెట్టేయండి. డ్రైవింగ్ రేంజ్‌లో ఇచ్చే బంతులతో స్పిన్ గురించి ఏ నిర్ణయానికీ రాకండి. అవి మన్నిక కోసం చేసినవి. వాటితో దూరం, దిశ, తగిలిన చోటు సాధన చేయొచ్చు, ఆగడం మాత్రం కుదరదు.

రెండో అడుగు: ఫేస్

గ్రూవ్‌లు బంతిని కొరికి స్పిన్ ఇస్తాయని చాలామంది నమ్మకం. వాటి అసలు పని కారు టైరు మీద గాడులు చేసే పని లాంటిది. బంతికి, ఫేస్‌కు మధ్య చిక్కుకున్న నీటినీ, గడ్డి రసాన్నీ పక్కకు పంపేస్తాయి. పొడిగా, శుభ్రంగా ఉన్న చోట స్పిన్‌కు ఎక్కువ సాయపడేది గ్రూవ్‌ల మధ్య ఉండే గరుకు లోహమే. రఫ్‌లోనో (పొడుగ్గా పెరిగిన గడ్డిలోనో), తడిలోనో అయితే గ్రూవ్‌లు లేకపోతే పని జరగదు.

అందుకే గోల్ఫ్ నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు 2010లో గ్రూవ్ నియమాన్ని కఠినం చేశాయి. 25 డిగ్రీలు, అంతకు మించి లాఫ్ట్ ఉన్న క్లబ్‌ల గ్రూవ్ అంచులు మరీ పదునుగా ఉండకూడదన్నాయి. గ్రూవ్‌ల పరిమాణానికీ హద్దు పెట్టాయి. పాత పదునైన గ్రూవ్‌లతో టూర్ ఆటగాళ్లు రఫ్ నుంచి కూడా ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) నుంచి కొట్టినట్టే బంతిని ఆపేవారు. ఫెయిర్‌వేలో కొట్టినవాడికి దక్కాల్సిన లాభం పోతోందని ఆ మార్పు తెచ్చారు.

మీరు చేయాల్సింది ఇంతే. ప్రతి షాట్ తర్వాత తడి గుడ్డతో ఫేస్ తుడిచి, ఆరిన గుడ్డతో ఒత్తండి. గ్రూవ్‌లలో మట్టి ఉంటే టీ మొనతోనో, బ్రష్‌తోనో తీసేయండి. ఎండిపోయాక తీద్దామనుకుంటే అది రాయిలా పట్టేస్తుంది. ఈ అలవాటుకు ప్రతిభ అక్కర్లేదు, ఖర్చూ లేదు. అయినా దీన్ని పట్టించుకోకుండా స్పిన్ రావట్లేదని బాధపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

ఫేస్ మీద ఏదైనా పూసి పట్టు పెంచుదామన్న ఆలోచన వద్దు. క్లబ్ తల పనితీరు మారేలా దానికి ఏ పదార్థం పూసినా 4.1ఎ నియమం ఒప్పుకోదు. శుభ్రం చేయడానికి మాత్రం అడ్డు లేదు.

వెడ్జ్ అరిగిందా లేదా అన్నది ఎత్తును బట్టే తెలుసుకోవచ్చు. శుభ్రమైన ఫెయిర్‌వే నుంచి, అదే బంతితో, అదే స్వింగ్‌తో మీ షాట్లు కొన్ని నెలల క్రితం కంటే ఎత్తుగా లేచి ఎక్కువ దొర్లుతుంటే ఫేస్ నునుపెక్కుతోందని అర్థం. బంకర్ సాధన ఎక్కువ చేసేవాళ్ల శాండ్ వెడ్జ్ మిగతావాటికంటే త్వరగా అరుగుతుంది. ఇసుక పని అది.

మూడో అడుగు: లై చదవడం

లై అంటే బంతి ఆగి ఉన్న చోటు, దాని చుట్టూ గడ్డి ఎలా ఉందన్నది. స్వింగ్ కంటే ముందే షాట్ ఫలితంలో పెద్ద భాగం తేలిపోయేది ఇక్కడే. ఒకసారి తెల్లవారగానే సాధనకు వెళ్లి యాభై గజాల జెండా వైపు బంతులు కొడుతున్నాను. గడ్డి మీద మంచు ఉంది. ప్రతి బంతీ ఎత్తుగా లేచి, జెండా దగ్గర పడి, ఏడెనిమిది గజాలు జారిపోతోంది. స్వింగ్‌లో ఏదో పోయిందని కంగారుపడి చేతులు మార్చాను, బంతి చోటు మార్చాను, ఏమీ లాభం లేదు. రెండు గంటల తర్వాత గడ్డి ఆరాక మొదటి స్వింగ్‌తోనే కొడితే బంతి కిందిగా లేచి రెండో ఎగురుకు ఆగింది. ఆ రోజు నుంచి బంతి దగ్గరికి వెళ్లగానే మొదట గడ్డిని వేళ్లతో తాకి చూస్తాను.

ఫేస్‌కు, బంతికి మధ్య నీరు చేరితే వెడ్జ్ స్పిన్ సగానికి సగం పడిపోవడం కూడా మామూలే. ఫేస్ తుడిచినా, బంతి వెనుక ఉన్న తడిగడ్డి తగిలే క్షణంలో మళ్లీ మధ్యకు వస్తుంది. అలాంటప్పుడు తడిని జయించాలని చూడకండి. పొట్టి షాట్లలో బంతి పడే చోటును కొన్ని గజాలు ముందుకు, అంటే మీ వైపుకు జరపండి.

రఫ్‌లో బంతి వెనుక ఎంత గడ్డి ఉందో చూడండి. బంతి కాస్త పైకి తేలి, వెనుక పలచగా గడ్డి ఉంటే దాన్ని ఫ్లయర్ లై అంటారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది కాబట్టే మోసం చేస్తుంది. పూర్తి స్వింగ్ కొడితే స్పిన్ లేకుండా ఎగిరి, అనుకున్నదానికంటే దూరం పోతుంది, పడ్డాకా ఆగదు. ఒక క్లబ్ తగ్గించండి, అంటే తక్కువ దూరం పోయేది తీసుకోండి. బంతి లోతుగా కూరుకుపోతే స్పిన్ సంగతి పూర్తిగా మరచిపోయి గ్రీన్ మధ్యకు ఆడండి.

పొట్టిగా కత్తిరించిన, గట్టి నేల మీద బంతి ఉంటే చాలామందికి టెన్షన్. నిజానికి స్పిన్‌కు అంతకంటే మంచి చోటు లేదు. మధ్యలో చేరడానికి గడ్డే లేదు కదా. అక్కడ బౌన్స్ (క్లబ్ అడుగు భాగం ముందు అంచు కంటే కిందికి వాలిన కోణం) తక్కువున్న వెడ్జ్, సుమారు 4 నుంచి 8 డిగ్రీలది, సులువు. మెత్తటి నేలకు 10కి పైన ఉన్నది నయం.

బంతి మీద మట్టి అంటినా పట్టు పోతుంది. గ్రీన్ మీద మార్క్ చేసి ఎత్తిన బంతిని ఎప్పుడైనా తుడవచ్చు. ఫెయిర్‌వేలో అది మీదేనా అని గుర్తుపట్టడానికి ఎత్తితే మాత్రం, గుర్తుపట్టడానికి కావలసినంత మేరకే తుడవాలి.

నాలుగో అడుగు: నిలబడటం

ఇది క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో మార్చాల్సింది కొంచెమే. పాదాలు భుజాల వెడల్పు కంటే దగ్గరగా. బంతి రెండు మడమల మధ్య. బరువు ముందు కాలి మీద, అంటే లక్ష్యం వైపున్న కాలి మీద, నూటికి 55 నుంచి 60 వంతులు. చేతులు బంతి కంటే కొద్దిగా ముందు, షాఫ్ట్ కాస్త వాలినట్టుగా. గ్రిప్ వదులుగా.

స్పిన్ కావాలని బంతిని వెనుక కాలి దగ్గరికి తీసుకుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే క్లబ్ అడుగున ఉన్న బౌన్స్ పనిచేయదు, ముందు అంచు నేలలో దిగిపోతుంది. బాగా తగిలినా పిచింగ్ వెడ్జ్‌తో చిప్ చేసినట్టు కిందిగా పోయి దొర్లుతుంది. లాఫ్ట్ మొత్తం చేతులారా తీసేశారు కదా.

ఐదో అడుగు: బంతి మొదట, నేల తర్వాత

స్పిన్ కోసం స్వింగ్‌లో చేయాల్సింది ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను: క్లబ్ బంతిని తాకాకే నేలను తాకాలి. అంగుళం ముందు నేల తగిలినా గడ్డి, మట్టి మధ్యలో చేరిపోతాయి. డివట్, అంటే క్లబ్ నేలలో చేసిన గుంట, చూడండి. అది బంతి ఉన్నచోట మొదలై లక్ష్యం వైపు సాగాలి. పలచగా ఉండాలి. చెయ్యి పట్టేంత గుంట పడితే మరీ నిటారుగా దిగుతున్నారు.

దీనికి తువ్వాలు సాధన అన్నింటికంటే మేలు. బంతికి వెనుక నాలుగు అంగుళాల దూరంలో చిన్న తువ్వాలు మడిచి పెట్టండి. దాన్ని తాకకుండా బంతిని కొట్టాలి. మొదట్లో ఇరవైలో పది తువ్వాలును లాగేస్తాయి. చేతులతో సరిచేయబోకండి. ఛాతీ మధ్యభాగం బంతికి కాస్త ముందున్నట్టు ఉంచి, స్వింగ్ పొడవునా దాన్ని వెనక్కి పోనివ్వకుండా తిరగండి. బరువు వెనుక కాలి మీద మిగిలిపోవడమే ఈ తప్పుకు చాలావరకు కారణం.

బంతిని గాలిలోకి ఎత్తాలని మణికట్టుతో ఎగదోయడం ఇంకో పెద్ద తప్పు. తగిలే క్షణంలో ముందు చేతి మణికట్టు వెనక్కి విరిగితే ఫేస్ ఎక్కువ పైకి చూస్తుంది, క్లబ్ పైకి లేస్తూ తగులుతుంది. బంతి ఎత్తుగా, స్పిన్ లేకుండా పోతుంది. ఎత్తడం లాఫ్ట్ పని, మీ పని కాదు. ముందు చేయి, షాఫ్ట్ ఒకే గీతలో ఉన్నట్టు తగిలాక కూడా శరీరంతో పాటు తిరగనివ్వండి.

ఫేస్ మీద ఎక్కడ తగిలిందన్నది చాలామంది చూడనే చూడరు. బంతి మీద చెరిపేయగల మార్కర్‌తో నాణెమంత చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద మచ్చ పడుతుంది. కింది నుంచి రెండో గీతకూ, ఐదో గీతకూ మధ్య పడితే బాగుంది. అంతకంటే పైన పడితే బంతి ఎత్తుగా, మెత్తగా, తక్కువ స్పిన్‌తో, దూరం కూడా తగ్గి పోతుంది. బంతిని టీ మీదో, మెత్తటి గడ్డి మీదో పెట్టి సాధన చేసేవాళ్లకు ఇది తెలియకుండానే అలవాటైపోతుంది. క్లబ్ కిందికి జారి, బంతి ఫేస్ పై భాగాన తగులుతుంది. గట్టి నేల మీద సాధన చేస్తే ఆ అలవాటు పోతుంది. చూసుకున్నాక మచ్చ తుడవడం మరచిపోవద్దు.

ఆరో అడుగు: స్పిన్‌ను పెంచడం, తగ్గించడం

ఇప్పటిదాకా చెప్పింది పునాది. నియంత్రణ ఇక్కడ మొదలవుతుంది.

30 నుంచి 60 గజాల మధ్య, ఒకటి రెండు ఎగురులకు ఆగే షాట్ కావాలి. 54 లేదా 56 డిగ్రీల వెడ్జ్ తీసుకోండి. ఫేస్ నేరుగా, మరీ తెరవకుండా. బంతి మధ్యలో. వెనక్కి తీసుకునేది చిన్నగా, చేతులు నడుము ఎత్తు వరకే. కిందికి వచ్చేటప్పుడు శరీరం ఆగకుండా తిరగాలి. స్వింగ్ పొట్టిగా ముగియాలి. ఈ దూరంలో స్పిన్ తెచ్చేది చిన్న స్వింగ్‌లోని చురుకుదనం. పెద్దగా వెనక్కి తీసుకుని, భయపడి, తగిలే ముందు నెమ్మదిస్తే వేగం పోతుంది, స్పిన్ పోతుంది, తరచుగా నేల ముందు తగులుతుంది. బంతి సుమారు 30 డిగ్రీలకు అటూ ఇటూగా లేస్తే షాట్ కుదిరినట్టే.

చాలామంది ఇక్కడ 60 డిగ్రీల వెడ్జ్ తీసి ఫేస్ తెరుస్తారు. అది వేరే షాట్. అందులో బంతిని ఆపేది ఎక్కువగా దిగే కోణం, స్పిన్ సాయం తక్కువ. బంకర్ దాటి వెంటనే పిన్ ఉంటే అదే సరైనది. అడ్డేమీ లేనప్పుడు దాని జోలికి పోకపోవడం మంచిది, ఎందుకంటే తగలడంలో చిన్న తేడా వచ్చినా దూరం బాగా మారిపోతుంది.

స్పిన్ తగ్గించడం నేర్చుకున్నాకే నా ఆట మారిందని చెప్పగలను. 90 గజాలు ఉంది, మీ 56 పూర్తిగా కొడితే సరిగ్గా 90 పోతుంది. దానికి బదులు 50 డిగ్రీల వెడ్జ్ తీసి, అర అంగుళం కిందికి పట్టుకుని, చేతులు భుజాల ఎత్తు వరకే తీసుకెళ్లి, అదే లయతో కొట్టండి. వేగం తగ్గింది, స్పిన్ లాఫ్ట్ కూడా తగ్గింది. రెండూ కలిసి స్పిన్ తగ్గుతుంది. బంతి కిందిగా వెళ్లి, ముందుకు ఒక ఎగురు ఎగిరి, కొద్దిగా దొర్లి ఆగుతుంది. ఇక్కడ మాత్రం కిందిగా లేచినా స్పిన్ తక్కువే, ఎందుకంటే క్లబ్ మారింది, స్వింగ్ మారింది. పైన చెప్పిన సూత్రం క్లబ్, స్వింగ్ మారనప్పుడే.

ఈ షాట్ ఎప్పుడు? పిన్ గ్రీన్ వెనుక భాగంలో ఉన్నప్పుడు. గ్రీన్ మెత్తగా ఉండి మీ వైపు వాలి ఉన్నప్పుడు. అలాంటి చోట పూర్తి స్వింగ్ బంతి వెనక్కి దొర్లి ఫెయిర్‌వేలోకి వచ్చేసే ప్రమాదం ఉంది. ఎదురుగాలిలో కూడా ఇదే. ఎదురుగాలిలో గట్టిగా కొడితే స్పిన్ పెరిగి, గాలి బంతిని ఇంకా పైకి లేపి, దారిలోనే పడేస్తుంది. ఎదురుగాలిలో గట్టిగా కొట్టాలన్న కోరికను ఆపుకోవడం వెడ్జ్ ఆటలో నాకు అన్నింటికంటే కష్టమైంది.

గ్రీన్ పక్క బంకర్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫేస్ బంతిని తాకదు, ఇసుకే బంతిని మోసుకెళ్తుంది. వేగం తగ్గకుండా, తీసే ఇసుక ఎంత పలచనైతే అంత స్పిన్.

ఏడో అడుగు: పడే చోటు

పిన్ వైపు చూడటం మానేసి, బంతి పడాల్సిన చోటు వైపు చూడటం అలవాటు చేసుకోండి. ఒకే స్పిన్ ఉన్న బంతి గట్టి గ్రీన్ మీద జారుతుంది, మెత్తటి గ్రీన్ మీద కరుచుకుంటుంది. పై నుంచి కిందికి వాలిన చోట పడితే ముందుకు పోతుంది, ఎదురు వాలులో పడితే ఆగుతుంది లేదా వెనక్కి వస్తుంది. టూర్‌లో వెనక్కి వచ్చే బంతుల్లో చాలావాటికి కొట్టిన చేయి ఎంత కారణమో, ఎదురు వాలు, పొట్టిగా కత్తిరించిన గ్రీన్ కూడా అంతే కారణం.

గ్రీన్ ఎంత మెత్తగా ఉందో తెలియాలంటే మొదటి రెండు రంధ్రాల్లో మీ బంతి చేసిన గుంట చూడండి. లోతుగా ఉంటే మెత్తన, గీత పడీ పడనట్టుంటే గట్టి. పిచ్ మార్క్ సరిచేయడానికి వంగినప్పుడు ఈ సమాచారం ఊరికే దొరుకుతుంది.

వెనుక గాలి ఉంటే బంతి తక్కువ కోణంలో దిగి ఎక్కువ దొర్లుతుంది. ఎదురుగాలిలో నిటారుగా దిగి ఆగుతుంది.

మొదటి ఎగురు చూసి కంగారుపడొద్దు. మంచి స్పిన్ ఉన్న బంతి కూడా మొదటి ఎగురులో ముందుకే పోతుంది. పట్టు కనిపించేది రెండో ఎగురులో.

ఎనిమిదో అడుగు: సాధన

వారానికి గంట చాలు. కానీ బుట్టలో బంతులన్నీ ఒకే జెండాకు కొట్టేసి వచ్చేయడం సాధన కాదు.

మొదటి ఇరవై నిమిషాలు ఎత్తు కోసం. మీ ముందు మూడు మీటర్ల దూరంలో, బంతి దారికి కాస్త పక్కగా, సుమారు 1.7 మీటర్ల కర్ర నిలబెట్టండి. 30 డిగ్రీలతో లేచిన బంతి ఆ దూరంలో దాదాపు ఆ ఎత్తులోనే పోతుంది. 45 డిగ్రీలైతే మూడు మీటర్ల ఎత్తులో ఉంటుంది. పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నలభై గజాల షాట్లు పది కొట్టి, ఎన్ని కర్ర చివరకు దగ్గరగా పోయాయో రాసుకోండి. అన్నీ ఒకే ఎత్తులో పోతుంటే స్పిన్ కూడా దాదాపు ఒకేలా ఉన్నట్టే. ఎత్తు మారుతుంటే తగిలిన చోటు మారుతోంది. మార్కర్ చుక్కకు తిరిగి వెళ్లండి.

తర్వాత ఇరవై నిమిషాలు దూరాల పట్టిక. ప్రతి వెడ్జ్‌కు మూడు స్వింగ్‌లు: చేతులు నడుము వరకు, ఛాతీ వరకు, భుజం వరకు. ఒక్కోదానికి ఐదు బంతులు కొట్టి, గాలిలో ఎంత దూరం పోయి పడిందో రాసుకోండి. ఆగిన చోటు వేరే గడిలో రాయండి. ఈ రెండిటి మధ్య తేడాయే మీ దొర్లుడు. మూడు వెడ్జ్‌లుంటే తొమ్మిది వరుసలు వస్తాయి. ఆ కాగితం బ్యాగులో పెట్టుకోండి. దొర్లుడు కొలవడానికి రేంజ్ బంతులు పనికిరావు, మీరు ఆడే బంతులు అరడజను తీసుకెళ్లి సాధన గ్రీన్ మీద చేయండి.

మిగిలిన సమయం ఒకే చోటుకు రెండు రకాల షాట్లు. అరవై గజాల జెండాకు ఒకటి 56తో చురుగ్గా ఆగేలా, ఇంకొకటి 50తో దొర్లి చేరేలా. మార్చి మార్చి కొట్టండి. ఇలా మారుస్తూ కొట్టడం మొదట్లో చిరాగ్గా ఉంటుంది, లెక్కలు కూడా చెడిపోతాయి. కోర్స్‌లో అయితే రెండుసార్లు వరుసగా ఒకే షాట్ ఆడే అవకాశం రాదు.

కోర్స్‌లో ఒక ఉదాహరణ

పిన్ 75 గజాల్లో ఉంది, గ్రీన్ ముందు అంచు నుంచి ఐదు గజాల లోపల. బంతి ఫెయిర్‌వేలోనే ఉంది. కానీ ఉదయం వేళ, గడ్డి తడి. ముందు బంకర్ లేదు. గ్రీన్ కొద్దిగా మీ వైపు వాలి ఉంది.

పొడి మధ్యాహ్నం అయితే 56తో పిన్ దాటి రెండు గజాల్లో పడేసి, వాలు మీద ఆగనిచ్చేవాళ్లం. తడిలో ఆ స్పిన్ రాదు, బంతి ఎత్తుగా లేచి గాలిలో కాస్త పొట్టిగా కూడా పడొచ్చు, పడ్డాక ముందుకు జారుతుంది. ముందు ఫేస్ పొడిగా ఒత్తండి. గ్రీన్ ముందు అంచు మీద, పిన్‌కు నాలుగు గజాల ఇవతల పడే చోటు ఎంచుకోండి. క్లబ్ 52, స్వింగ్ ఛాతీ వరకు, ఎందుకంటే కిందిగా పోయే బంతి జారినా దూరం ముందే తెలుస్తుంది. ఎగురు, కొద్దిపాటి దొర్లుడు, ఎదురు వాలు కలిసి బంతిని పిన్ దగ్గరికి చేరుస్తాయి. కాస్త పొట్టిగా పడినా గ్రీన్ అంచు నుంచి సూటి పుట్ మిగులుతుంది. దాటిపోతే మాత్రం కిందికి వాలిన, వేగమైన పుట్. కాబట్టి తప్పు జరిగినా పొట్టి వైపే జరిగేలా గురి పెట్టండి. బంతి కదిలాక అది ఏ ఎత్తులో లేచిందో చూసి, తర్వాతి రంధ్రంలో గడ్డి ఇంకా తడిగానే ఉందా, ఆరుతోందా అన్నది అక్కడే తేల్చుకోండి.